స్టేడియం పక్కన ఒక మంచం

ఫుట్‌బాల్ ఆట ఎంతసేపు అంటే 90 నిమిషాలని ఎవరైనా చెప్తారు. టీవీ ముందు కూర్చున్నవాళ్లకు అంతే. ఆదిలాబాద్‌లో బయలుదేరి హైదరాబాద్‌లో మ్యాచ్ చూసి రావాలనుకునేవాళ్లకు మాత్రం అది రెండు పగళ్లు, నడుమ ఒక రాత్రి. పగటి సంగతి బస్సు చూసుకుంటుంది. టికెట్టు సంగతి జేబు చూసుకుంటుంది. ఆ నడిమి రాత్రి సంగతే ఎవరికీ పట్టదు. ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే. మైదానం పక్కన, తక్కువ ఖర్చులో, ఏ హంగూ లేకుండా దొరికే ఒక మంచం గురించి.

ముందు దారి లెక్క చూద్దాం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్ల పైమాటే. నిర్మల్, ఆర్మూర్, కామారెడ్డి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి. బస్సెక్కితే ఆరేడు గంటలు. రైలు మీద పోదామంటే కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఉంది. అది కిన్వట్, ముద్‌ఖేడ్ మీదుగా మహారాష్ట్రలో చుట్టు తిరిగి, బాసర, నిజామాబాద్ దాటి, అప్పుడు నగరం చేరుతుంది. ఇప్పుడు పెద్ద మ్యాచ్‌లన్నీ ఫ్లడ్‌లైట్ల కిందనే. ఆట ముగిసేసరికి తొమ్మిదిన్నర, పది. గచ్చిబౌలి నుంచి జూబ్లీ బస్‌స్టేషన్‌కు రావాలంటే ఇంకో గంట, గంటన్నర. అప్పుడు మనూరి బస్సు దొరికినా రాత్రంతా కూర్చునే ప్రయాణం. దొరక్కపోతే బస్టాండు బెంచీయే గతి.

అంటే రాత్రి మ్యాచ్ చూడాలంటే రాత్రి అక్కడ ఉండాలి. ఉండాలంటే లాడ్జి. ఐటీ కంపెనీల నడుమ లాడ్జి గది అద్దె వింటే మన జిల్లా మనిషికి ఆట మీద మనసు విరిగిపోతుంది. నాకు తెలిసిన ఎంతోమంది ఆట పిచ్చోళ్లు టికెట్టు ధర చూసి ఆగిపోలేదు. ఈ రాత్రి ఖర్చు చూసి ఆగిపోయారు.

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన మనిషిని. ఉట్నూరు వైపు బళ్లలో నన్ను పీఈటీ సార్ అనేవాళ్లు. పిల్లలకు ఆట నేర్పడం ఎంత పనో, పోటీలకు తీసుకుపోయిన ఊళ్లో వాళ్లను ఎక్కడ పడుకోబెట్టాలన్నది అంత పని. అందుకని ఈ మంచం సంగతి నాకు బాగా తెలుసు.

2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి దశ పోటీలు హైదరాబాద్‌కు వచ్చాయి. సంతోష్ ట్రోఫీ అంటే రాష్ట్రాల జట్ల మధ్య జాతీయ ఫుట్‌బాల్ పోటీ. 1941లో మొదలైంది. ఒకప్పుడు ఈ ట్రోఫీ మనది. 1956-57లో, ఆ మరుసటి ఏడు 1957-58లో హైదరాబాద్ జట్టు వరసగా గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరు మీద మరోసారి గెలిచారు. ఆ తర్వాత ఆ కప్పు మన గడప తొక్కలేదు. ఈసారి ఆతిథ్యం ఇచ్చిన తెలంగాణ జట్టు గ్రూపు దశ దాటలేదు. అయినా ఫైనల్ మన రాజధానిలో. అదీ పశ్చిమ బెంగాల్‌కూ కేరళకూ మధ్య. దేశంలో ఫుట్‌బాల్‌ను ఇంటి దేవుడిలా కొలిచే రెండు రాష్ట్రాలు. తేదీ చూస్తే డిసెంబరు 31.

ఆ తేదీ వింటేనే తెలిసిపోతుంది కదా. కొత్త సంవత్సరం రాత్రి. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు మూసేస్తారు. అడుగడుగునా పోలీసు తనిఖీలు. హోటళ్ల ధరలు కొండెక్కుతాయి. పోవాలా వద్దా అని ఊగిసలాడుతుంటే మా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. బడిలో ఉన్నప్పుడు గోల్‌కీపర్. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం.

"సార్, మీరు హోటల్ల ఎందుకు దిగుతరు? మా హాస్టల్ల బెడ్లు ఖాళీ ఉన్నయ్. ఇద్దరు ఊళ్లకు పోయిన్రు. రోజు లెక్కన ఇస్తరు. స్టేడియం నడిచిపోయేంత దూరమే."

"నా వయసోళ్లను ఉండనిస్తరా?"

"ఆధార్ కార్డు ఉంటె చాలు సార్. వయసు ఎవ్వరు అడుగరు."

గచ్చిబౌలి, ఇందిరానగర్, అంజయ్యనగర్, సిద్దిఖ్‌నగర్. ఈ పేర్లు మన ఆదిలాబాద్, మంచిర్యాల, జగిత్యాల, కరీంనగర్ ఇళ్లల్లో ఇప్పుడు బాగా వినిపించే పేర్లు. కొడుకో, అల్లుడో, తమ్ముడో అక్కడ ఏదో ఒక హాస్టల్‌లో ఉంటాడు. ఒకప్పుడు హాస్టల్ అంటే మనకు సంక్షేమ హాస్టలే. ఇప్పుడు ఐదంతస్తుల బిల్డింగు, గోడ మీద పెద్ద ఫ్లెక్సీ, దాని మీద టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫైవ్ షేరింగ్, ఆ పక్కనే ఫోన్ నంబరు. నెలకు ఇంతని కట్టి ఉండేవాళ్లే ఎక్కువ. కానీ ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లకు, పరీక్ష రాయవచ్చినవాళ్లకు డే బేసిస్ అని ఒక పద్ధతి పెట్టుకున్నారు. తిండితో కలిపి రోజుకు నాలుగైదు వందలు. నన్ను స్టేడియం దాకా చేర్చింది ఆ పద్ధతే.

ఆదిలాబాద్ బస్సు జూబ్లీ బస్‌స్టేషన్‌లో దించింది. అక్కడికి ఆనుకునే పరేడ్ గ్రౌండ్ మెట్రో స్టేషన్. నీలం లైను రైలెక్కితే రాయదుర్గం దాకా దిగే పనిలేదు. అక్కడి నుంచి షేర్ ఆటో. ఆ ఆటోలో పసుపు జెర్సీలు వేసుకున్న కుర్రాళ్లు కనిపించారు. కేరళ జట్టు అభిమానులు. దారి సరిగ్గానే ఉందనుకున్నాను.

హాస్టల్ కౌంటర్ అంటే మెట్ల కింద ఒక టేబులు. దాని మీద లెడ్జరు, స్కానర్ బోర్డు, పార్సిళ్ల కుప్ప. కూర్చున్న ఇన్‌చార్జి ప్రకాశం జిల్లా మనిషి. ఆధార్ జిరాక్స్ తీసుకుని, నా జుట్టు వంక చూసి అన్నాడు.

"ఏమనుకోవద్దు సార్. ఇక్కడంతా కుర్రాళ్లే ఉంటారండి. రాత్రి రెండింటికి కూడా లైట్లు వెలుగుతానే ఉంటయ్. మీకు నిద్ర పడుతుందో లేదో."

"బడి గదిలో పిల్లల నడుమ బెంచీలు జరుపుకుని పండుకున్నోణ్ణి బాబూ. మంచం ఉన్నది కదా, అదే మస్తు" అన్నాను. నవ్వి తాళంచెవి ఇచ్చాడు.

గది మూడో అంతస్తులో. లిఫ్టు ఉంది, అది పనిచేస్తున్నట్టు ఎవరూ చెప్పలేదు. తలుపు బయట చెప్పులు, బూట్లు గుట్టగా. లోపల ఐదు మంచాలు, ఐదు సన్నటి పరుపులు, గోడకు ఐదు ఇనుప లాకర్లు. ప్రతి మంచం తలాపున ఒక ప్లగ్గు. ఆ గదిలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఆ ప్లగ్గే. మంచం కోడు విరిగినా సర్దుకుంటారు కానీ ప్లగ్గు పనిచేయకపోతే ఎవరూ ఉండరట. దుప్పటి ఇవ్వరు, ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. మాది చలి ముదిరిన జిల్లా కనుక రగ్గు లేకుండా నేను ఊరు దాటను. హైదరాబాద్ చలి మన అర్లి, తిర్యాణి చలి ముందు ఏపాటిది? బాత్రూము గది మొత్తానికి ఒకటి. గీజరు స్విచ్చు పైన తెల్ల కాగితం మీద రాసి అతికించారు: స్నానం అయ్యాక ఆపవలెను. ఆ కాగితం తడిసి, ఎండి, మళ్లీ తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి. నియమం మాత్రం అందరికీ నోటికొచ్చు.

పక్క మంచం కుర్రాడిది మలప్పురం. ఆ ఊరి పేరు చెప్పగానే సగం పరిచయం అయిపోయింది. మలప్పురంలో వరిపొలాలు కోశాక పొలాలే ఫుట్‌బాల్ మైదానాలవుతాయి. ఏడుగురేసి ఆడే సెవెన్స్ ఆటకు అక్కడ వేల మంది చేరతారు. 2022లో సంతోష్ ట్రోఫీ ఫైనల్ వాళ్ల జిల్లాలోనే, మంజేరి పయ్యనాడ్ స్టేడియంలో జరిగింది. అప్పుడూ కేరళ, బెంగాల్ జట్లే. పెనాల్టీల్లో కేరళ గెలిచింది. ఆ మ్యాచ్ తాను గ్యాలరీలో నిలబడి చూశానని, ఈసారీ కప్పు తమదేనని హిందీలో, మధ్య మధ్య ఇంగ్లిషులో చెప్పాడు. మా గోల్‌కీపర్ మధ్యవర్తిగా కూర్చున్నాడు. ఖరీదైన హోటల్ గదిలో ఉంటే నాకు ఈ ముచ్చట దొరికేది కాదు. అక్కడ తలుపు మూసుకుంటే గోడతో మాట్లాడుకోవాలి.

సాయంత్రం వంటగది వైపు వెళ్లాను. వంట మనిషి బెంగాల్ నుంచి వచ్చినవాడు, ముర్షిదాబాద్ వైపు. పొద్దున్నే ఉప్మా, రాత్రికి అన్నం, పప్పు, ఒక కూర, సాంబారు. బుధవారం గుడ్డు, ఆదివారం కోడికూర. తెలుగు వంటలన్నీ ఇక్కడే నేర్చుకున్నాడు. సాంబారులో పోపు వేస్తూ నన్ను చూసి, మ్యాచ్‌కు పోతున్నారా అని హిందీలో అడిగాడు. అవునన్నాను. తానూ రావాలనుకున్నాడు, కానీ పండుగ రాత్రి కదా, వంట ఎక్కువ. వచ్చాక స్కోరు చెప్పమన్నాడు. తన జట్టు ఫైనల్ తన వంటగదికి కూతవేటు దూరంలో ఆడుతుంటే ఆ మనిషి ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు.

ఫైనల్ జరిగిన గచ్చిబౌలి స్టేడియానికి లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. 30 వేల మంది పట్టే స్టేడియం. 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు అదొక వేదిక. ఆ క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్‌లో మన దేశం ఉజ్బెకిస్తాన్ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడి రజతంతో సరిపెట్టుకుంది. 2022 మార్చిలో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇదే సొంత మైదానంగా ఉండేది. 2024 నవంబరులో భారత్, మలేసియా మ్యాచ్ 1-1తో డ్రా అయిందీ ఇక్కడే. గ్యాలరీకీ గడ్డికీ మధ్య పరుగు పందాల ట్రాక్ ఉంటుంది కనుక ఆటగాళ్లు కాస్త దూరంగా కనిపిస్తారు. అయినా బంతిని తన్నిన చప్పుడు చెవిన పడుతుంది. టీవీలో వినపడనిది అదొక్కటే అనుకుంటాను. ఆ చప్పుడు కోసమే నేను పోయాను.

మ్యాచ్ సంగతి చాలామందికి తెలుసు. 90 నిమిషాలు గోల్ లేదు. అదనంగా ఇచ్చిన నిమిషాల్లో బెంగాల్ ఆటగాడు రాబీ హాన్స్‌దా గోల్ కొట్టాడు. ఆ పోటీల్లో అతనికది 12వ గోల్. బెంగాల్‌కు 33వ సంతోష్ ట్రోఫీ. హాన్స్‌దా సంతాల్ ఆదివాసీ బిడ్డ. గోండు, కొలాం పిల్లలకు ఆట నేర్పిన నాకు ఆ పేరు స్కోరు బోర్డు మీద చూస్తే ఎట్లుంటుందో మీరే ఊహించుకోండి. మన ఉట్నూరు, జైనూరు పిల్లల్లో ఆ పరుగు ఉంది. ఆ ఊపిరి ఉంది. వాళ్లకు లేనిది ఏమిటో చెప్పడానికే ఈ ప్రసంగం.

బయటికి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. రోడ్డు మీద బండ్ల హారన్లు, ఈలలు, ఎక్కడో టపాసులు. క్యాబ్ కోసం జనం ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. మేము నడిచి హాస్టల్‌కు వచ్చేశాం. వంటగదిలో గిన్నెలు మూతలు పెట్టి ఉన్నాయి. మా కోసం అన్నం తీసి ఉంచాడు. "గోల్ కిస్నే మారా?" అన్నాడు. చెప్పాను. గరిటె అక్కడే పెట్టేసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. మలప్పురం కుర్రాడు కంచం ముందు తల వంచుకుని కూర్చున్నాడు. వంట మనిషి అతని కంచంలోకి ఒక గుడ్డు వేశాడు. అది బుధవారం కాదు, మంగళవారం. గుడ్డు లెక్కలో లేదు. కుర్రాడు తలెత్తి చూసి తిన్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

శ్రోతలారా, ఇటువంటి బస అందరికీ సుఖంగా ఉంటుందని నేను అనను. కొన్ని సంగతులు ముందే తెలుసుకుని పోవాలి. ఆధార్ జిరాక్స్ ఒకటి దగ్గర పెట్టుకోండి. లాకరుకు తాళం మీరే తీసుకుపోండి. దుప్పటి, తువ్వాలు, ఒక జత రబ్బరు చెప్పులు తప్పనిసరి. డబ్బు కట్టకముందే పరుపు ఎత్తి అంచులు చూడండి. నల్లులుంటే అక్కడే తెలుస్తుంది. గేటు రాత్రి ఎన్నింటికి మూస్తారో అడగండి, ఎందుకంటే కొన్ని హాస్టళ్లలో పదిన్నరకే తాళం పడుతుంది, ఆట పదింటికి అయిపోతుంది. అడ్వాన్సు అడిగితే రోజు లెక్క వాళ్లకు అవసరం లేదని చెప్పండి. తెల్లవారి ఏడు దాటితే బాత్రూము దగ్గర వరస కడతారు, కనుక ఐదున్నరకే లేవండి. మనం పల్లెటూరి వాళ్లం, అది మనకు కష్టం కాదు.

ఇంకో మాట. ఇదంతా మగవాళ్లకు సాగింది. లేడీస్ హాస్టళ్లు కూడా ఆ వీధుల్లోనే బోలెడు ఉన్నాయి. కానీ ఒక్క రాత్రికి వచ్చిన ఆడపిల్లకు బెడ్ ఇవ్వడానికి చాలాచోట్ల వెనకాడతారు. ఎవరి తాలూకు, ఎందుకొచ్చావు, రాత్రి మ్యాచ్ ఏమిటి అని వంద ప్రశ్నలు. మన పక్కనే నిజామాబాద్ తండా నుంచి వెళ్లిన గుగులోతు సౌమ్య క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. ఈస్ట్ బెంగాల్‌తో కలిసి 2024-25 భారత మహిళల లీగ్ గెలిచింది. ఆ ఏడాదికి ఆల్ ఇండియా ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. అలాంటి బిడ్డను చూసి ఆట మీద మనసు పడే ఆడపిల్లలు మన జిల్లాలో ఉన్నారు. వాళ్లు ఒక మ్యాచ్ చూసి క్షేమంగా పడుకునే చోటు లేకపోతే ఆ ఇష్టం ఇంటి గడప దాటదు.

దూరం అనేది ఆటకు ఎంత అడ్డమో మన పెద్దలకు బాగా తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు మీరు వినే ఉంటారు. వృత్తికి బడి పంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో వచ్చిన మైదాన్ సినిమా ఆయన మీదదే. ఆయన శిష్యుల్లో తులసీదాస్ బలరాం ఒకరు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ పిల్లవాడు. శిక్షణకు రోజూ నగరం దాకా రావడానికి డబ్బుల్లేవంటే, రహీం సాబ్ సైకిలు అద్దెకు తన జేబులోంచి ఇచ్చేవారని ఆటగాళ్లు చెప్పుకుంటారు. ఆ పిల్లవాడే 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశానికి ఆడాడు. పాదంలో ఆట ఉన్నవాణ్ణి ముందు మైదానం దాకా చేర్చాలి, తక్కిన పాఠం తర్వాత. రహీం సాబ్ ఆ పని సైకిలు అద్దెతో చేశారు. అమ్ముగూడకు సైకిలు సరిపోయింది. ఆదిలాబాద్‌కు మంచం కావాలి.

ఈ చవక బసకు ప్రపంచంలో పునాది వేసిందీ ఒక బడి పంతులే. జర్మనీలో రిచర్డ్ షిర్మన్ అనే ఉపాధ్యాయుడు 1909 ఆగస్టులో పిల్లల్ని తీసుకుని కాలినడక యాత్రకు వెళ్లాడు. దారిలో ఉరుములతో గాలివాన. ఒక పల్లె బడిలో తలదాచుకుని, గడ్డి పరుచుకుని పడుకున్నారు. సెలవుల్లో ఖాళీగా ఉండే బళ్లన్నీ ఇలా పిల్లలకు బస కావచ్చు కదా అని ఆ రాత్రి ఆయనకు తట్టింది. కొన్నేళ్లకే ఆల్టెనా అనే ఊరి కోటలో యూత్ హాస్టల్ మొదలైంది. ఈ వేళ అలాంటి హాస్టళ్లు దేశదేశాల్లో ఉన్నాయి. మన దేశంలోనూ ఉన్నాయి.

ఫిన్‌లాండ్ వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. 1952 ఒలింపిక్స్ జరిగిన హెల్సింకి స్టేడియం లోపలే చాలా ఏళ్లు ఒక హాస్టల్ నడిపారు. వందల కోట్లు పోసి కట్టిన ఏ స్టేడియమైనా ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటుంది. గ్యాలరీ కింద గదులుంటాయి, నీళ్లుంటాయి, కరెంటు ఉంటుంది, కాపలా ఉంటుంది. ఆ గదుల్లో నాలుగు మంచాలు వేస్తే సరిపోతుందని వాళ్లకు తోచింది. మనకు ఎందుకు తోచదు?

చవకగా, గౌరవంగా మనుషుల్ని ఉంచడం మన జిల్లాకు కొత్త విద్య కాదు. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు గోండుల్లోని మెస్రం వంశం వాళ్లు హస్తినమడుగు గోదావరి జలం మోసుకుని కాలినడకన వస్తారు. మర్రిచెట్ల కింద బస చేస్తారు. అక్కడ ఎవరి పొయ్యి ఎక్కడో ముందే నిర్ణయం. దీపావళి రోజుల్లో దండారి నృత్య బృందం ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి పోతే, అంతమందికీ అన్నం పెట్టి, చోటు చూపించి పంపుతారు. అతిథి ఎక్కడ పడుకుంటాడన్న ప్రశ్న ఆట మొదలుకాకముందే తేలిపోతుంది. మన స్టేడియాల దగ్గర మాత్రం ఆట మొదలవుతుంది, ముగుస్తుంది, ఆ ప్రశ్న ఎవరి నోటా రాదు.

స్కూల్ గేమ్స్ పోటీలకు పిల్లల్ని తీసుకుపోయిన పీఈటీలందరికీ ఈ కష్టం తెలుసు. ఒక జిల్లా కేంద్రంలో మాకు ఇచ్చిన బడి గదిలో ఫ్యాను లేదు. బయట కుళాయి రాత్రి తొమ్మిదింటికే ఆగిపోయింది. మరుసటి పొద్దున మా పిల్లలు ముఖం కడుక్కోకుండానే సెమీఫైనల్ ఆడారు. ఓడిపోయారు. ఓటమికి కారణం అదేనని నేను చెప్పను, ఎదుటి జట్టు బాగా ఆడింది. కానీ వాళ్లు రాత్రి ఇంట్లో పడుకుని వచ్చిన జట్టు. రెండు జట్లకూ గోల్‌పోస్టులు సమానంగా కొలిచి పెడతారు. రాత్రి నిద్రను ఎవరూ కొలవరు.

ఇప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా లేదు. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలిలో పెద్ద మ్యాచ్‌లు అరుదైపోతాయి. అరుదుగా వచ్చేవాటిని మన పిల్లలు తప్పక చూడాలి. అందుకు చేయదగ్గ పనులు పెద్దవేమీ కావు. గచ్చిబౌలి చుట్టుపక్కల హాస్టళ్లలో సెలవు రోజుల్లో బెడ్లు ఖాళీగానే ఉంటాయి. పెద్ద మ్యాచ్ ఉన్నప్పుడు రోజు లెక్కన బెడ్లు ఇచ్చే హాస్టళ్ల జాబితా టికెట్లతో పాటే ప్రకటిస్తే చాలు. ఆడపిల్లల కోసం ఇచ్చే హాస్టళ్లు విడిగా చెప్పాలి. స్పోర్ట్స్ స్కూలు పిల్లల్ని, ఆశ్రమ పాఠశాలల పిల్లల్ని ఏడాదికి ఒక్కసారి ఒక పెద్ద మ్యాచ్‌కు తీసుకుపోవాలి. ఒక బస్సు, ఒక రాత్రికి ఒక హాలు. అంతకు మించి ఖర్చు లేదు.

అంతకన్నా దగ్గరి పని మన ఊళ్లోనే ఉంది. మన ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియానికి బేల, బోథ్, ఇచ్చోడ, నార్నూర్ నుంచి పిల్లలు పోటీలకు వస్తారు. కరీంనగర్ అంబేద్కర్ స్టేడియానికీ చుట్టుపక్కల మండలాల నుంచి అట్లాగే వస్తారు. వాళ్లకు స్టార్ హోటళ్లు అక్కర్లేదు. పది మంచాలు, రెండు బాత్రూములు, వేడినీళ్లు, ఒక వంటగది, ఆడపిల్లలకు తాళం పడే వేరే గది. అంతే.

స్టేడియానికి కొత్త గ్యాలరీ కట్టాలనీ, కొత్త లైట్లు వేయాలనీ మాట వచ్చినప్పుడు పేపర్లలో వార్తలు చూస్తుంటాం. ఈసారి అలాంటి సమావేశం మీ ఊళ్లో జరిగితే, మీరు సర్పంచి కావచ్చు, కౌన్సిలర్ కావచ్చు, ఆటగాడి తండ్రి కావచ్చు, లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడగండి. బయటి ఊరి పిల్లలు రాత్రి ఎక్కడ పడుకుంటారు? జవాబు వచ్చేదాకా కూర్చోకండి.